జువాల్‌ని తెలుగులో ఎలా పలికించాలి? ట్రాంబ్లే నాటకం ‘లే బెల్ సొర్’ అనువాదం, ప్రదర్శన

#1 తెరచాటు

కెనడా రచయిత మిషెల్ ట్రాంబ్లే ‘లే బెల్ సొర్’ని ఫ్రెంచి నుంచి నేరుగా తెలుగులోకి తేవడం గురించి ఈ చర్చ. ఇంగ్లీషు మీదుగా వద్దనుకుంటున్నాం.

నాటకం తెలియనివాళ్ళ కోసం: కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ రాష్ట్రం, అందులో మాంట్రియల్ నగరం, అక్కడొక పనివాళ్ళ పేట. జెర్మేన్ లోజోఁ అనే ఇల్లాలికి ఒక పోటీలో పది లక్షల బహుమతి స్టాంపులు తగులుతాయి. అప్పట్లో సరుకులు కొంటే దుకాణాలవాళ్ళు ఇచ్చేవి అవి. చిన్న పుస్తకాల్లో అంటించి ఇస్తే క్యాటలాగులోని సామాను వచ్చేది. అంటించడానికి సాయం రమ్మని అక్కచెల్లెళ్ళనీ ఆడపడుచునీ ఇరుగుపొరుగునీ వంటింట్లోకి పిలుస్తుంది. వాళ్ళు అంటిస్తూనే ఒక్కో పుస్తకం సంచీలో వేసేసుకుంటారు. పదిహేనుమంది ఆడవాళ్ళు, ఒక్క మగపాత్ర లేదు, రెండు అంకాలు, ఒకే వంటిల్లు. 1965లో రాశాడు, 1968 ఆగస్టు 28న రిదో వేర్ థియేటర్‌లో ఆంద్రే బ్రాసార్ దర్శకత్వంలో మొదటిసారి ఆడింది.

పత్రికల తెలుగులో మొదటి అంకం చిత్తుప్రతి సిద్ధంగా ఉంది. బిగ్గరగా చదివితే పదిహేనుమందీ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. లోపం ఎక్కడ? ఏ తెలుగు వాడాలి? పేరు ఏం పెట్టాలి? తిట్లని ఏం చేయాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

#2 మాటలమూట

లోపం భాషలోనే ఉంది. నాటకం రాసింది జువాల్‌లో. మాంట్రియల్ పనివాళ్ళ ఫ్రెంచికి అది పేరు. గుర్రం అనే మాటని పుస్తకాల ఫ్రెంచిలో ‘షెవాల్’ అంటే వీధిలో ‘జువాల్’ అంటారు, అదే భాషకి ఎగతాళి పేరయింది. 1959లో ఆంద్రే లోరందో పత్రికలో ఆ మాట వాడాడు, మరుసటి ఏడు ఒక బడిపంతులు సన్యాసి మారుపేరుతో రాసిన విమర్శ పుస్తకం దాన్ని ఇంటింటికీ చేర్చింది. ఇద్దరికీ జువాల్ అంటే బడి చెడిపోయిందనడానికి గుర్తు. ఎనిమిదేళ్ళ తర్వాత అదే భాషని ట్రాంబ్లే మెరుగులు దిద్దకుండా రంగస్థలం మీదకి ఎక్కించాడు. గొడవంతా అక్కడ మొదలైంది. 1972లో పారిస్ ప్రదర్శనకి క్యుబెక్ సాంస్కృతిక శాఖ డబ్బు ఇవ్వనంది. మరుసటి ఏడు నాటకం పారిస్ వెళ్ళి మెప్పు తెచ్చుకుంది.

అనువాదకులు మొదట వదులుకోవలసిన భ్రమ ఒకటుంది. జువాల్ తప్పుల తడక కాదు, దానికి వ్యాకరణం ఉంది. మూడు ఆనవాళ్ళు చెప్తాను.

ఒకటి, ‘నేను’కి ‘మ్వా’ బదులు ‘మ్వే’, ‘నువ్వు’కి ‘త్వా’ బదులు ‘త్వే’. ఇది కొత్తగా చెడింది కాదు. 17వ శతాబ్దంలో నార్మండీ, ప్వాతూ, పారిస్ ప్రాంతాల నుంచి వలస వచ్చినవాళ్ళ నాలుక మీది ఉచ్చారణే. 1763 సంధితో ఆ నేల బ్రిటిషువాళ్ళ చేతికి పోయి ఫ్రాన్సుతో బంధం తెగిపోయాక అక్కడ మారింది, ఇక్కడ నిలిచింది.

రెండు, ప్రశ్న వేయడానికి క్రియ చివర ‘-తూ’ తగిలిస్తారు. ‘సె-తూ బోఁ?’ అంటే ‘బావుందా?’ అని. మనం ‘బావుంది’కి ‘ఆ’ చేర్చినట్టే. అక్కడి ‘తూ’కి ‘నువ్వు’తో సంబంధం లేదు. ఆ సంగతి పట్టుకోనివాళ్ళు వాక్యం మధ్యలో ‘నువ్వు’ ఇరికించి పాడుచేస్తారు.

మూడు, ఇ, యు అచ్చుల ముందు త, ద లు ‘త్స’, ‘ద్జ’ అవుతాయి. తెలుగువాళ్ళకి ఇది సులువుగా పట్టుబడుతుంది, మన ‘ౘాప’, ‘ౙడ’లోని దంత్య శబ్దాలే. కాకపోతే మనకి అవి అ, ఉ, ఒ ల ముందు వస్తాయి, వాళ్ళకి ఇ, యు ల ముందు. ఇది దాదాపు క్యుబెక్ అంతటా వినిపిస్తుంది, చదువుకున్నవాళ్ళ నోట కూడా. కనుక దీన్ని పేదరికానికి గుర్తుగా అనువదించకండి. మ్వే, త్వే లాంటివి తరగతిని చెప్తాయి, ఈ త్స, ద్జ లు ఊరిని మాత్రమే చెప్తాయి.

#3 ఓరుగల్లు పిల్ల

గిదంత మంచిగ చెప్పిన్రు సార్. నేనైతే తెలంగాణ మాటనే పెట్టాలంట. ఎందుకంటే ఇండ్లల్ల మాట్లాడే మాటకూ బడిల రాసే మాటకూ నడిమిట్ల ఉన్న సిగ్గు మనకు ఎరుకే. మన సినిమాలల్ల ఈ యాసను చానా ఏండ్లు రౌడీలకూ కామెడీకే పెట్టిన్రు కద.

నాటకంల ఐదుగురు ఆడోళ్ళు ప్రేక్షకుల దిక్కు తిరిగి వారం దినాల పేర్లు ఒర్రుకుంట తమ బతుకు చెప్పుకునే కోరస్ ఉంటది. దాని నడక పత్రికల తెలుగుల రాదు. ‘సోమవారం, మంగళవారం, బుధవారం’ అంటే రేడియోల వార్తలు చదివినట్టుంటది. ‘సోమారం! మంగళారం! బుధారం! బేస్తారం!’ అని పెట్టి చూడున్రి. ఆ తర్వాత పొట్టి వాక్యాలు రావాలె. నేను కట్టిన నమూనా, నాటకంలది కాదు: ‘పొద్దుగాల లేస్త. పొయ్యి ముట్టిస్త. పిల్లలను లేపుత. మొగనికి డబ్బ కడుత. బట్టలు పిండుత. పొద్దుమీకుతది. టీవీ చూస్త.’ ప్రతి క్రియ ‘-త’తోటి ఆగుతది, డప్పు దెబ్బ లెక్క. ‘లేస్తాను, ముట్టిస్తాను’ అని సాగదీస్తే ఐదుగురికి ఒక్కసారి ఊపిరి అందదు, కోరస్ చెదిరిపోతది.

#4 గోదారి గట్టు

ఓరుగల్లు పిల్ల గారూ, కోరస్ విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. అయితే మొత్తం నాటకానికి ఒకే యాస పెడితే ఒక చిక్కుంది. ఈ వంటింట్లో భాష ఒకటి కాదు, కనీసం మూడు మెట్లు.

అడుగున జెర్మేన్, ఆమె చెల్లెళ్ళు రోజ్, గాబ్రియెల్, పొరుగామె మరి-ఆంజ్. వీళ్ళది చిక్కటి జువాల్. వీళ్ళ పైన లిజెత్ ద కూర్వాల్. ఐరోపా వెళ్ళొచ్చానని చెప్పుకుంటుంది, ఒంటి మీద బొచ్చు కప్పుకొస్తుంది, మిగతావాళ్ళ మాట విని చీదరించుకుంటుంది. ఆమెది తెచ్చిపెట్టుకున్న నాజూకు, మధ్యమధ్యలో జారిపోతుంది. ఇక కుర్రపిల్లలు లిండా, జినెత్, లీజ్ మాట వేరు. వాళ్ళకి ఆ పేట నుంచి బయటపడాలని ఉంది. క్లబ్బులో పనిచేసే చిన్నచెల్లెలు పియెరెత్ వాళ్ళకి ఆశగా కనిపిస్తుంది, తోబుట్టువులకి మాత్రం ఆమె పాపిష్ఠిది.

లిజెత్ పాత్రలో అనువాదకులు చేసే తప్పు ఆమెకి స్వచ్ఛమైన గ్రాంథికం పెట్టడం. అలా పెడితే నిజంగానే చదువుకున్న మనిషి అవుతుంది. ఆమె చేత ‘వెళ్ళాము’ అనిపిస్తూ, కోపం వచ్చిన వాక్యంలో ‘ఎల్లాం’ అనిపించాలి. జారేది ఒత్తిడి పెరిగినచోటే. పాత్ర మొత్తంలో ఐదారుసార్లు చాలు, అంతకు మించితే హాస్యపాత్ర అయిపోతుంది.

పేరు గురించి. ‘బెల్ సొర్’ అనే ఒక్క మాటలో మన వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు నలుగురూ ఉన్నారు. తెలుగులో ఆ నలుగురినీ కలిపే మాటే లేదు. ‘తోడికోడళ్ళు’ అంటే ఒకే అత్తగారి కోడళ్ళని అర్థం, నాటకంలో ఆ చుట్టరికం లేదు. లెక్క చూస్తే జెర్మేన్, రోజ్, గాబ్రియెల్, పియెరెత్ సొంత అక్కచెల్లెళ్ళు, తెరేజ్ ద్యుబుక్ జెర్మేన్‌కి ఆడపడుచు, మిగతావాళ్ళలో చాలామంది పొరుగువాళ్ళే. ‘వదినమ్మలు’ దగ్గరగా ఉంటుందనుకుంటాను, మన పేటల్లో చుట్టరికం లేని పొరుగామెని కూడా వదినా అనే పిలుస్తాం. 1973లో టొరంటోలో ఇంగ్లీషు అనువాదం ఆడినప్పుడు ఫ్రెంచి పేరే ఉంచేశారు. ఆ దారీ ఉంది, కానీ తెలుగు గోడపత్రిక మీద ‘లే బెల్ సొర్’ అని చూసి ఎవరూ లోపలికి రారు.

పిలుపుల పట్టిక ముందే రాసుకోండి. పదిహేనుమందికీ అడ్డంగా నిలువుగా గళ్ళు గీసి, ఎవరు ఎవరిని ‘ఒసే’ అంటారు, ఎవరు ‘అక్కా’ అంటారు, ఎవరు ‘మీరు’ అంటారు అని నింపండి. 210 గళ్ళు వస్తాయి, ఒక సాయంత్రం పని. లేకపోతే రెండో అంకానికి వచ్చేసరికి ‘మీరు’ అన్నామె ‘నువ్వు’ అంటుంది, ఎందుకన్నదో నటికీ తెలియదు.

#5 మాటలమూట

గోదారి గట్టు గారి మెట్ల లెక్కకి ఒప్పుకుంటున్నాను. ముందే జరిగిన ఉదాహరణ ఒకటుంది: 1989లో గ్లాస్గోలో ఈ నాటకం స్కాట్లాండు జనం మాట అయిన స్కాట్స్‌లో ఆడింది. మార్టిన్ బౌమన్, బిల్ ఫిండ్లే అనువాదం. టొరంటో ఇంగ్లీషు కంటే అది మాంట్రియల్‌కి దగ్గరగా పలికిందని చాలామంది విమర్శకుల మాట. కారణం సూటిగా ఉంది. స్కాట్స్‌కీ పక్కనే పెద్ద భాష కూర్చుని ‘ఇది భాష కాదు’ అంటూ వచ్చింది. కాబట్టి యాస ఎంచుకునేటప్పుడు అడగవలసింది ‘ఏది మోటుగా ఉంటుంది’ అని కాదు, ‘ఏ మాట మాట్లాడినందుకు మనిషిని తక్కువగా చూశారు’ అని. ఆ లెక్కన తెలంగాణ అయినా, ఉత్తరాంధ్ర అయినా సరిపోతాయి. రెండూ కలిపితే మాత్రం పేట చెదిరిపోతుంది. అందరూ ఒకే వీధివాళ్ళు, ఒకే మేడమెట్లు ఎక్కుతారు.

మన వ్యావహారికోద్యమంతో పోలిక కూడా తరచు వింటుంటాం, కొంతవరకే నిలుస్తుంది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ఆడినప్పుడు పోరు పాత తెలుగుకీ వాడుక తెలుగుకీ మధ్య. మాంట్రియల్‌లో జువాల్ మీద రెండు బరువులు. పైన పారిస్ ఫ్రెంచి, పక్కన ఇంగ్లీషు యజమాని. కెనడా ప్రభుత్వం వేసిన ద్విభాషా కమిషన్ 1961 జనాభా లెక్కలతో తేల్చింది ఏమిటంటే, క్యుబెక్‌లో సంపాదనని బట్టి 14 జాతుల వాళ్ళని వరుసలో పెడితే, సంఖ్యలో అందరికంటే ఎక్కువున్న ఫ్రెంచివాళ్ళు 12వ చోట ఉన్నారని. ‘జాబ్’, ‘బాస్’, ‘చమ్’ లాంటి ఇంగ్లీషు మాటలు జువాల్‌లోకి ఫ్యాక్టరీ దారిన వచ్చాయి. తెలుగులో ఇంగ్లీషు మాటలు చదువుకి గుర్తు, జువాల్‌లో కూలికి గుర్తు. అందుచేత జెర్మేన్ నోట ‘యాక్చువల్‌గా’ పెడితే అర్థం తలకిందులవుతుంది. మన పనివాళ్ళ నోట అరిగిన మాటలు వాడండి: డూటీ, టైము, గిరాకీ, పగారు.

#6 పాత చర్చి గంట

తిట్ల సంగతి. క్యుబెక్ తిట్లని ‘సాక్ర్’ అంటారు, పూర్తిగా చర్చి సామాను. తాబర్నాక్: పూజలో పంచే పవిత్ర అప్పం దాచే పెట్టె. కాలిస్: ద్రాక్షసారా పాత్ర. సిబ్వార్: అప్పాలుంచే గిన్నె. ఓస్తీ: ఆ అప్పమే. 1960 దాకా బడి, ఆసుపత్రి, పెళ్ళి, పురుడు అన్నీ పాదిరీల చేతిలో ఉండేవి కనుక కోపం అటే తిరిగింది. వీటిని క్రియలుగా, విశేషణాలుగా మలుస్తారు, రెండు మూడు గొలుసుకట్టి వాడతారు. మెత్తబరిచిన రూపాలూ ఉన్నాయి: తాబర్నూష్, కాలిన్, సిబోల్. ఏ పాత్ర ఏ రూపం వాడుతుందో చూస్తే ఆ మనిషి ఎంత భయస్తురాలో తెలుస్తుంది.

మన బూతులు శరీరం మీదా తల్లి మీదా ఉంటాయి. వాటిని పెడితే దెబ్బ తప్పు చోట పడుతుంది. దేవుడి సామాను పేర్లు పెట్టి ‘హారతి పళ్ళెమా’ అన్నా తెలుగులో తిట్టు కాదు, వింతగా ఉంటుంది. ఈ నాటకంలో ఆడవాళ్ళ నోట ఎక్కువగా వచ్చే మాట ‘మోద్జి’, అంటే పాడు, శాపగ్రస్తమైన అని. దానికి మన శాపనార్థాలు చక్కగా సరిపోతాయి: నీ జిమ్మడ, నీ దుంపతెగ, పాడు సంత, దిక్కుమాలిన బతుకు, మాయదారి. ఇవి ఆడవాళ్ళ నోటి మాటలే, విధినీ చావునీ పిలిచే మాటలే. ‘మోద్జి’ వచ్చిన ప్రతిచోటా ఒకే మాట పెట్టవద్దు. వారాల కోరస్‌లో మాత్రం ఒకటే ఉండాలి, అక్కడ అది పల్లవి.

రేడియో జపమాల దృశ్యాన్ని కత్తిరించకండి. ఏడు గంటలకి రేడియోలో ప్రార్థన మొదలైతే ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుంటారు. మాంట్రియల్‌లో 1950 నుంచి అలాంటి ప్రసారం నిజంగానే ఉండేది. దాన్ని విష్ణుసహస్రనామంగా మార్చాలన్న సలహా ఎవరైనా ఇస్తే ఒప్పుకోవద్దని మనవి. మనుషుల్ని మాంట్రియల్ నుంచి లేపేస్తే మిగతాదంతా అబద్ధమవుతుంది. భాష తెలుగుది, ఊరు వాళ్ళది.

#7 లంకెబిందె

ప్రదర్శన వైపు నుంచి కొన్ని లెక్కలు.

తెర లేవగానే వంటింటి మధ్య నాలుగు పెద్ద పెట్టెలు కనిపిస్తాయి. పది లక్షల స్టాంపులు నిజంగా పెట్టాలనుకుంటే ఎంతవుతుందో వేసి చూడండి. షీటుకి 100 చొప్పున 10,000 షీట్లు, అంటే ఏ4 కాగితం 20 రీములు, సుమారు 50 కిలోలు. పెట్టెకి పన్నెండున్నర కిలోలు. ఇద్దరు మోసుకురాగల బరువే, కానీ కళ్ళకి చిన్నదిగా ఉంటుంది. పెట్టె అడుగున ఇసుక సంచీ, పైన నాలుగు వేళ్ళ మందాన అసలు షీట్లు, మధ్యలో అట్టముక్కలు. బరువు నిజంగా ఉండాలి. ఖాళీ పెట్టెని బరువున్నట్టు ఎత్తితే మొదటి వరుస వెంటనే పసిగడుతుంది.

అంటించే పని ఆగకూడదు. నటికి రెండేసి షీట్లు, ఒక్కో తడి స్పాంజి గిన్నె. నాలుకతో తడిపే జిగురు కాగితం దొరికితే రెండు మూడు క్షణాలకి ఒకటి అంటుతుంది. మామూలు కాగితానికి జిగురు రాస్తూ కూర్చుంటే సంభాషణ వెనకబడుతుంది, చేతులు అంటుకుంటాయి, పుస్తకాలు సంచీలో పడేటప్పుడు శబ్దం రాదు. ఆ శబ్దం కావాలి. ప్రతి దొంగతనమూ ప్రేక్షకులకి కనబడాలి, జెర్మేన్‌కి కనబడకూడదు. ఎవరు, ఏ మాట మీద, ఎన్నో పుస్తకం దాస్తారో ప్రతిలో ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకోండి. ఇద్దరు ఒకేసారి దాస్తే రెండూ పోతాయి.

ఏకపాత్ర భాషణలకి ఒక్కరి మీదే వెలుగు, మిగతావాళ్ళు నిలిచిపోతారు. కొత్త బృందాలు ఇక్కడ వెలుగు మార్చి, మాట మొదలుపెట్టి, తర్వాత మిగతావాళ్ళని ఆపుతాయి. వరుస తిరగబడాలి: ముందు చేతులు ఆగాలి, అప్పుడు వెలుగు, ఒక ఊపిరి తర్వాత మాట. రోజ్ తన పడకగది సంగతి చెప్పే భాషణ నాటకానికి గుండెకాయ. మొదట్లో హాల్లో నవ్వులొస్తాయి, మధ్యలో ఆగిపోవాలి. ఆగకపోతే నటి ఇంకా నవ్వుల కోసం చేస్తోందని అర్థం.

పదిహేనుమంది దొరకలేదని పాత్రలు కలిపేయకండి. రెండో అంకంలో దాదాపు అందరూ ఒకేసారి వేదిక మీద ఉంటారు. బింగో కోరస్‌లో కొందరు ఆట మీద మోజు చెప్తుంటే మరికొందరు అంకెలు అరుస్తుంటారు. తొమ్మిదిమందితో అది రెండు గొంతుల గోల అవుతుంది. పైగా కత్తిరించడానికి రచయిత అనుమతి కావాలి. అనువాద హక్కు వేరు, ప్రదర్శన హక్కు వేరు, రెండూ రాతపూర్వకంగా, తాలీములకి ముందే తీసుకోండి. మాంట్రియల్‌లో 1965 నుంచి ఉన్న నాటక రచయితల కేంద్రానికి రాస్తే ఎవరిని అడగాలో చెప్తారు. ఈ నాటకం మొదట జనం ముందు చదవబడింది కూడా వాళ్ళ వేదిక మీదే, 1968 మార్చి 4న.

#8 నాలుగో వరుస

సినిమావాళ్ళకి ఇదే చిక్కు సబ్‌టైటిళ్ళలో వస్తుంది. క్యుబెక్ దర్శకుడు జేవియర్ దోలాన్ ‘మమీ’ 2014లో ఫ్రాన్సులో ఆడినప్పుడు ఫ్రెంచి సినిమాకే ఫ్రెంచి సబ్‌టైటిళ్ళు వేశారు. తెలుగు సబ్‌టైటిళ్ళు రాసేవాళ్ళకి నా మనవి ఒకటే: ఎవరు ఏ భాషలో మాట్లాడుతున్నారో కనబడేలా చేయండి. క్లోద్ జూత్రా ‘మోనోంక్ల్ ఆంత్వాన్’, 1971. ఆస్బెస్టాస్ గని ఊరు, క్రిస్మస్ ముందు రోజు. గని యజమాని బండి మీద వచ్చి పిల్లల ఇళ్ళ ముందు కానుకలు విసిరిపోతాడు. కార్మికుడి ఫ్రెంచీ పైవాడి ఇంగ్లీషూ రెండూ ఒకే తెలుగులో ఒకే అక్షరాల్లో వస్తే సినిమా సగం మాయమైపోతుంది. ఇంగ్లీషు మాటల్ని వాలు అక్షరాల్లో పెట్టండి, లేదా కొద్ది చోట్ల ఇంగ్లీషునే తెలుగు లిపిలో ఉంచండి. వరుసకి 42 అక్షరాలు, రెండు వరుసలు అనే కొలత తెలుగుకి ఎక్కువ. గుణింతాలూ ఒత్తులూ చదవడానికి టైము పడుతుంది, 32 దాటనివ్వకండి.

జువాల్ నాటకం కంటే ముందే మామూలు మనుషుల మాటని తెర మీదకి తెచ్చింది డాక్యుమెంటరీ. పియెర్ పెరో, మిషెల్ బ్రో తీసిన ‘పూర్ లా స్వీత్ ద్యు మోంద్’ 1963ది. ఒక దీవిలో జాలరులు మానేసిన తెల్ల తిమింగలాల వేటని మళ్ళీ మొదలుపెడతారు. తేలికపాటి కెమెరా, దానితో కలిసి నడిచే సౌండ్ రికార్డరు వచ్చాయి కనుకే ఆ జాలరుల ఉచ్చారణ చెదరకుండా దొరికింది. నటులకి యాస నేర్పాలనుకునేవాళ్ళు ముందు ఇది వినాలి.

#9 తీరం తెన్ను

చర్చ మాంట్రియల్ చుట్టూనే తిరుగుతోంది. ఫ్రెంచి కెనడా అంటే క్యుబెక్ ఒక్కటే అనుకుంటే పెద్ద పొరపాటు. 1755లో బ్రిటిషువాళ్ళు వెళ్ళగొట్టిన అకాదియా వాళ్ళ సంతతి న్యూ బ్రన్స్‌విక్‌లో ఉంది. ఆంతొనీన్ మయే ‘లా సగ్వీన్’ 1971లో వచ్చింది, ఇళ్ళలో నేల తుడిచే ఒక ముసలామె చెప్పే 16 స్వగతాలు. అందులో భాష జువాల్ కాదు. ‘నేను’కి బహువచన క్రియ చేరుతుంది: ‘జావోఁ’. మాటలమూట గారు చెప్పిన త్స, ద్జ ఆమె నోట పలకవు. మాంట్రియల్ యాసలో సగ్వీన్ చేయడం శ్రీకాకుళం ముసలమ్మ చేత నిజామాబాద్ మాట పలికించడం లాంటిది. న్యూ బ్రన్స్‌విక్‌లోని మంక్టన్ నగరం కుర్రకారు మాట్లాడే షియాక్ మళ్ళీ వేరే, అందులో ఇంగ్లీషు పాలు చాలా ఎక్కువ. ఒంటారియోలో 1912 నుంచి 1927 దాకా ఒక నిబంధన ఫ్రెంచి చదువుని మొదటి రెండు తరగతులకే కుదించింది. అక్కడ ఫ్రెంచిలో నాటకం ఆడటానికి ఆ చరిత్ర బరువు ఉంది.

మాంట్రియల్ లోపల కూడా ‘మనం’ ఎవరన్నది మారిపోయింది. మిషెల్ లలోంద్ 1968లో ‘స్పీక్ వైట్’ రాసింది. ఫ్రెంచి మాట్లాడేవాళ్ళని ఇంగ్లీషువాళ్ళు కసిరే మాట అది. 1977 భాషాచట్టం వలస వచ్చినవాళ్ళ పిల్లల్ని ఫ్రెంచి బడికి పంపింది. 1989లో ఇటలీలో పుట్టిన మార్కో మికోనే ‘స్పీక్ వాట్’ అని జవాబు కవిత రాశాడు, మా మాటకి కూడా చోటివ్వండని. జోజెఫీన్ బాకోఁ అక్కడి ఆదివాసుల ఇన్నూ భాషలోనూ ఫ్రెంచిలోనూ పక్కపక్కనే కవిత్వం అచ్చువేసింది. ఆ పుస్తకాలు తెలుగు చేసేవాళ్ళు ఇన్నూ పేజీని వదిలేయకూడదు. ఫ్రెంచి అక్కడ ఓడిన భాష కాదు, వచ్చి మీద కూర్చున్న భాష.

#10 తెరచాటు

అందరికీ నమస్కారాలు. ఇప్పటికి తేలినవి: ఓరుగల్లు యాస, లిజెత్ జారే చోట్లు ఆరు, పిలుపుల పట్టిక, ‘వదినమ్మలు’ అనే పేరు. ఊళ్ళు, మనుషుల పేర్లు, జపమాల మార్చం.

ఒక్కటి మిగిలింది. ఆఖరున జెర్మేన్ ఖాళీ వంటింట్లో మిగులుతుంది. బయట నుంచి ‘ఓ కెనడా’ వినిపిస్తుంది. ఆమె ఏడుస్తూ నిలబడి గొంతు కలుపుతుంది. పైనుంచి స్టాంపులు రాలతాయి. ఆ పాట తెలియని ప్రేక్షకుల ముందు ఏం చేయాలి? మన జాతీయగీతం పెట్టాలని బృందంలో ఒక మాట ఉంది.

#11 లంకెబిందె

పెట్టకండి. హాలంతా లేచి నిలబడుతుంది, జెర్మేన్‌ని చూసేవాళ్ళుండరు.

‘ఓ కెనడా’ 1880లో క్యుబెక్ నగరంలో ఫ్రెంచిలోనే పుట్టింది. అధికార గీతం అయింది 1980లో. 1968 ప్రేక్షకులకి అందులో తమ పాటా ఉంది, తమని తక్కువ చేసిన దేశమూ ఉంది. ఆ రెండూ చేరాలంటే పాటని ముందే ఒకసారి వినిపించాలి. మొదటి అంకంలో రేడియో తిప్పేటప్పుడు నాలుగు సెకన్లు ఆ బాణీ రానివ్వండి, ఎవరో ఒకామె పట్టించుకోకుండా స్టేషను మార్చేస్తుంది. దానికీ అనుమతి ఉత్తరంలో ఒక వాక్యం చేర్చండి. చివర్లో ఫ్రెంచి మాటలతోనే, వాద్యాలు లేకుండా, తెర వెనక ఆరేడు గొంతులు కొద్దిగా శ్రుతి తప్పి పాడితే చాలు.

స్టాంపుల వానకి పల్చటి కాగితం, రెండు వేళ్ళ వెడల్పు ముక్కలు. రంధ్రాల గుడ్డని ఉయ్యాలలా కట్టి ఒకవైపు తాడు లాగితే నెమ్మదిగా రాలతాయి. ఫ్యాన్లూ ఏసీ గాలీ ఆపాలి, లేకపోతే పక్క తెరల మీదకి పోతాయి. నటి రబ్బరు అడుగు చెప్పులు వేసుకోవాలి, తడి స్పాంజి నీళ్ళ మీద కాగితం పడితే నేల జారుతుంది. వాన మొదలు కావలసింది ఆమె రెండో చరణం అందుకున్నాక. ముందే మొదలైతే అది ఆమెకి దక్కిన కానుకలా కనిపిస్తుంది.

#12 ఓరుగల్లు పిల్ల

కోరస్ ముందుగాల తయారు చేసుకోన్రి సార్. వారాల కోరస్ ఐదుగురికీ కుదిరినంకనే కూసోని మాటలు చదువున్రి. ఊపిరి ఒక్కటైతే యాస దానంతట అదే ఒక్కటైతది. ఓరుగల్లు మాట రాని నటి ఉంటె ఆమెకు లిజెత్ పాత్ర ఇయ్యున్రి.